గైడ్‌బుక్ చేతపట్టి దూరదేశానికి: శ్రీకాకుళం, విజయనగరం వాసులు చేసుకోవలసిన ఏర్పాట్లు

మన జిల్లాల వారికి దూరదేశం కొత్త కాదు. ఒకప్పుడు కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి రంగూన్‌కు ఓడలెక్కిన కుటుంబాలు ఉన్నాయి; ఇప్పుడు సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. అయితే అవన్నీ బతుకుతెరువు ప్రయాణాలు. ఏజెంటు కట్టిన ప్యాకేజీ లేకుండా, జెండా పట్టుకున్న మనిషి వెనుక నడవకుండా, కేవలం చూడాలన్న కోరికతో సొంతంగా బయలుదేరేవారికి కావలసిన సరంజామా వేరు. అందులో ముఖ్యమైనది ఒక మంచి గైడ్‌బుక్. ఫోనులో అన్నీ దొరుకుతుండగా పుస్తకం దేనికని అడగడం సహజమే. ఫోను మీరు అడిగినదానికి జవాబిస్తుంది. ఊళ్ల పేర్లయినా సరిగా తెలియని దేశం గురించి ఏమేమి అడగాలో ముందుగా తెలియాలంటే, ఆ దేశమంతా తిరిగిన మనిషి ఒక క్రమంలో పెట్టి రాసిన నాలుగైదు వందల పేజీలు కావాలి.

కాని ఒక చిక్కు ఉంది. మనకు దొరికే గైడ్‌బుక్కులు దాదాపు అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. లండన్ నుంచో, సిడ్నీ నుంచో, న్యూయార్క్ నుంచో బయలుదేరే పాఠకుడిని దృష్టిలో పెట్టుకుని రాసినవి అవి. ఆమదాలవలసలో రైలెక్కే భారతీయ పాస్‌పోర్టుదారు ఆ రచయితల ఊహలో లేడు. కనుక పుస్తకంలో ఏ పేజీని ఉన్నది ఉన్నట్టు నమ్మాలో, ఏ పేజీని కొట్టివేసి మీరే తిరిగి రాసుకోవాలో తేల్చుకోవడమే ఇందులో అసలు పని. ఉదాహరణ కోసం ఎక్కువగా వియత్నాంను తీసుకుంటున్నాను. మొదటిసారి సొంతంగా వెళ్లేవారికి అది అనువైన దేశం, పైగా ఖర్చు మన అందుబాటులో ఉంటుంది.

పుస్తకాన్ని ఎంచుకోవడం

ప్రయాణానికి కనీసం మూడు నెలల ముందు పుస్తకం మీ చేతిలో ఉండాలి. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ పుస్తకాల దుకాణాలు ఎక్కువగా పాఠ్యపుస్తకాలు, పోటీపరీక్షల పుస్తకాలే అమ్ముతాయి కాబట్టి విశాఖపట్నం వెళ్లి వెతకడమో, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమో తప్పదు. హైదరాబాద్‌కు పని మీద వెళ్లేవారు ఉంటే, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌పై పరిచే పాత పుస్తకాల్లో ఇవి తక్కువ ధరకు దొరుకుతాయని చెప్పి పంపండి.

చేతికి వచ్చిన పుస్తకంలో ముందు చూడవలసినది అట్ట మీది బొమ్మ కాదు, ప్రచురణ వివరాలుండే పేజీ. ఎన్నో ముద్రణ, ఏ నెల, ఏ సంవత్సరం అన్నది అక్కడ ఉంటుంది. రచయిత ఊళ్లు తిరిగిన నాటికీ పుస్తకం అచ్చయి దుకాణానికి చేరే నాటికీ మధ్య సుమారు ఏడాది గడుస్తుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. అంటే ఈ ఏటి పుస్తకంలో కూడా ఉన్నవి నిరుటి ధరలే. అలాగని పాత ముద్రణను తీసిపారేయనక్కర లేదు. నదులు, కనుమలు, గుడులు, రైలుమార్గాలు, పండుగల ఆచారాలు ఐదారేళ్లలో మారవు. ఐదేళ్ల నాటి పుస్తకాన్ని నాలుగో వంతు ధరకు కొని, మారే సంగతులను ఫోనులో సరిచూసుకోవడం నా దృష్టిలో తెలివైన బేరం. పదేళ్లు దాటినదాన్ని మాత్రం చరిత్ర అధ్యాయం కోసమే కొనాలి.

పుస్తకాల్లో రకాలు తెలుసుకోవడం కూడా అవసరం. 1973లో మొదలైన లోన్లీ ప్లానెట్, 1982లో గ్రీసు పుస్తకంతో మొదలైన రఫ్ గైడ్స్ తక్కువ డబ్బుతో తిరిగేవారి కోసం పుట్టినవి. బస్సు ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి అన్న వివరాలు వాటిలో బాగా ఉంటాయి. ఇతరులు పట్టించుకోని దేశాలకు బ్రాడ్ట్ వారి పుస్తకాలు మెరుగు. పేజీ పేజీకీ రంగుల బొమ్మలుండే పుస్తకాలు ఇంట్లో కూర్చుని చూడడానికి ముచ్చటగా ఉంటాయి గాని, వాటి బరువు మోస్తూ నడవవలసినది మీరే. అసలు కొనకుండా చూడాలనుకునేవారికి వికీవోయేజ్ ఉచితం. కివిక్స్ అనే యాప్‌లో దాన్ని దించుకుంటే నెట్ లేకపోయినా చదువుకోవచ్చు.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. అదే సంస్థ భారతదేశం మీద వేసిన పుస్తకాన్ని ఎక్కడైనా సంపాదించి, మన జిల్లాల గురించి ఏమి రాశారో చూడండి. అరసవల్లి ఉందా, శ్రీకూర్మం ఉందా, శ్రీముఖలింగం, శాలిహుండం, రామతీర్థం ఉన్నాయా? ఉంటే ఎన్ని వాక్యాలు? విజయనగరం గురించి రాసినవారు దసరా వెళ్లిన మంగళవారం జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు ఊళ్లో లాడ్జి గది దొరకదన్న ముక్క చెప్పారా? మీకు బాగా తెలిసిన చోటు గురించి వారు ఏమి వదిలేశారో చూస్తే, మీకు తెలియని దేశం గురించి ఎలాంటివి వదిలేసి ఉంటారో అంచనా దొరుకుతుంది. రచయిత నడిచిన దారి పక్కనున్న ఊళ్లే పుస్తకంలోకి ఎక్కుతాయి. మిగిలినవి మనకు అరసవల్లి అంతటివైనా సరే, రెండు వాక్యాలతో సరి.

ముందుగా వాతావరణం పేజీ

చాలామంది పుస్తకం తెరవగానే చూడవలసిన ప్రదేశాల జాబితాకు వెళతారు. అలా కాక, ఎప్పుడు వెళ్లాలి అన్న అధ్యాయాన్ని ముందు చదవండి. మన సెలవులు మన పంచాంగం ప్రకారం వస్తాయి. అక్కడి వానలు అక్కడి లెక్క ప్రకారం వస్తాయి. వియత్నాం ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా సాగిన దేశం కాబట్టి దేశమంతటికీ ఒకే కాలం ఉండదు. దక్షిణాన హో చి మిన్ నగరం వైపు మే నుంచి అక్టోబరు దాకా వానలు; ఉత్తరాన హనోయ్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా స్వెటరు కావలసినంత చలి; నడుమ ఉన్న హుయె, హోయి ఆన్ పట్టణాలకు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, అందులోనూ అక్టోబరు, నవంబరుల్లో, భారీ వర్షాలు. హోయి ఆన్ పాతపట్టణం వీధుల్లోకి థు బోన్ నది నీరు రావడం ఆ నెలల్లో వింత కాదు. మన దసరా సెలవులు సరిగ్గా అప్పుడే పడతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌నూ, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీనీ చూసినవారికి, అక్టోబరు నెలలో సముద్రతీరపు ఊరికి టికెట్టు కొనడం ఎలాంటి పనో వేరే చెప్పనక్కర లేదు. దసరాకే వెళ్లక తప్పదనుకుంటే మధ్య వియత్నాంను వదిలి మరో దేశాన్ని ఎంచుకోవడమో, సంక్రాంతి తర్వాతికి వాయిదా వేసుకోవడమో మేలు.

అయితే సంక్రాంతి తర్వాత మరో పేజీ అడ్డు వస్తుంది. అది పండుగల పేజీ. వియత్నాం వారి కొత్త సంవత్సరం తెత్ చాంద్రమానం ప్రకారం జనవరి చివరికీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్య వస్తుంది. ఆ వారం దుకాణాలు, హోటళ్లు చాలా భాగం మూతపడతాయి. ఊళ్లకు చేరే జనంతో రైళ్లు నిండిపోతాయి. పుస్తకంలో ఆ పండుగ గురించి రంగురంగులుగా రాసి ఉన్నా, ఆ సంవత్సరం తేదీ ఏదో మీరే వెతికి మార్జిన్‌లో రాసుకోవాలి.

కొట్టివేయవలసిన పేజీలు

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. ఈ పనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించాలి. పుస్తకం చివర ఆచరణకు సంబంధించిన వివరాలుండే అధ్యాయంలో నాలుగైదు విషయాలు మీకు వర్తించవు. వాటిని కొట్టివేసి పక్కన మీ వివరం రాసుకోవాలి.

మొదటిది వీసా. పుస్తకంలోని పట్టిక బ్రిటిష్, అమెరికన్, ఆస్ట్రేలియన్ పాస్‌పోర్టులకు తయారుచేసినది. వీసా అక్కర్లేదని అందులో ఉంటే మీకూ అక్కర్లేదని కాదు. వారికి ఖరీదైనది మీకు చౌక కావడమూ ఉంది. భూటాన్ సంగతే చూడండి: విదేశీ యాత్రికులు రాత్రికి 100 డాలర్లు కట్టవలసిన సుస్థిర అభివృద్ధి రుసుము భారతీయులకు రాత్రికి 1,200 రూపాయలు, పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డుతో అనుమతి ఇస్తారు. ఇంగ్లీషు పుస్తకం చదివి ఆ దేశం మనకు అందదనుకుని వదిలేసేవారు ఉంటారు. వియత్నాంకు మనం ఇ-వీసా తీసుకోవాలి. ఒకసారి ప్రవేశానికి రుసుము 25 డాలర్లు, గడువు 90 రోజుల వరకు. ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులోనే దరఖాస్తు చేయండి. వెతికినప్పుడు పైన కనిపించే సైట్లలో అదే పోలికతో ఉండి రెండింతలు వసూలు చేసే ఏజెన్సీలు ఉంటాయి. ఏ విమానాశ్రయంలో దిగుతారో దరఖాస్తులో అడుగుతారు. టికెట్టు ఖాయమయ్యాకే ఆ గడి నింపండి.

ఇక్కడే తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. మన ఇంటిపేరు బ్యాంకులో ఒక పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి మాట, పాస్‌పోర్టులో ఒక్కోసారి అసలు ఖాళీ. వీసా దరఖాస్తులోనూ విమాన టికెట్టులోనూ పాస్‌పోర్టు మీద ఏ గడిలో ఏది ఉందో అక్షరం పొల్లుపోకుండా అదే రాయండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు అయితే వీలైనంత ముందుగా విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలో తిరిగి జారీకి దరఖాస్తు పెట్టి సరిచేయించుకోవడం ఉత్తమం. కొన్ని దేశాలు ఒకే పేరున్న పాస్‌పోర్టును అంగీకరించవు. తిరిగి వచ్చే తేదీకి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండేలా కూడా చూసుకోండి.

రెండవది ఆరోగ్యం పేజీ. వియత్నాంకు ఇది అంత ముఖ్యం కాదు గాని, ఆఫ్రికా, దక్షిణ అమెరికా వెళ్లేవారికి ప్రాణం వంటిది. కెన్యా, ఉగాండా, బ్రెజిల్, పెరూ వంటి దేశాల నుంచి భారత్‌కు తిరిగి వచ్చేవారి దగ్గర ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం ఉండాలని మన ప్రభుత్వ నియమం. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టవచ్చు. లండన్ పాఠకుడికి తన ఇంటికి చేరడానికి ఆ కాగితం అక్కర లేదు కనుక అతని కోసం రాసిన పుస్తకం దీన్ని నొక్కి చెప్పదు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ధ్రువపత్రం చెల్లుబాటు అవుతుంది. ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. మామూలు ఆసుపత్రుల్లో ఈ టీకా వేయరు. విశాఖపట్నంలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్‌ను ముందుగా ఫోన్‌లో సంప్రదించి, ఏ రోజుల్లో వేస్తారో తెలుసుకుని వెళ్లండి.

మూడవది దేశానికి చేరుకోవడం. లండన్ నుంచి విమానాల వివరాలున్న ఆ రెండు పేజీలను ఆలోచించకుండా కొట్టివేయవచ్చు. విశాఖ నుంచి నేరుగా విదేశాలకు ఎగిరే విమానాలు కొద్ది. మనం హౌరా-చెన్నై ప్రధాన రైలుమార్గం మీద ఉన్నాం. ఒక రాత్రి రైల్లో కూర్చుంటే కోల్‌కతా, అక్కడి నుంచి ఆగ్నేయాసియా నగరాలకు విమానంలో రెండున్నర నుంచి నాలుగు గంటల ప్రయాణం. హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా మూడింటి నుంచీ టికెట్టు ధర చూసి, దానికి రైలు ఛార్జీ, అవసరమైతే ఒక రాత్రి బస కలిపి పోల్చుకోండి. రైలు ఆలస్యమయ్యే అవకాశాన్ని లెక్కలో పెట్టి, రైలు దిగడానికీ విమానం ఎక్కడానికీ మధ్య కనీసం పన్నెండు గంటలు వదలాలి.

రాయబార కార్యాలయాల జాబితాలో మనది ఉండకపోవచ్చు. హనోయ్‌లో భారత రాయబార కార్యాలయం, హో చి మిన్ నగరంలో కాన్సులేట్ ఉన్నాయి. వాటి చిరునామా, అత్యవసర నంబరు అట్ట లోపలి వైపు పెన్నుతో రాయండి. కరెంటు ప్లగ్గుల బొమ్మ చూసి కంగారు పడకండి: మన ఫోను ఛార్జర్ల రెండు గుండ్రటి కాళ్ల ప్లగ్గు అక్కడ సరిపోతుంది, మూడు కాళ్ల ప్లగ్గుకే అడాప్టరు కావాలి.

ధరలను మన లెక్కలోకి మార్చడం

పుస్తకంలోని ధరలు పాతవి, కాని వాటి మధ్య నిష్పత్తి అంత త్వరగా మారదు. కనుక ఇలా చేయండి. పుస్తకంలో పేరుతో చెప్పిన రెండు మూడు వస్తువులను, అంటే ఒక హాస్టల్ మంచం, ఒక ఊరి నుంచి మరో ఊరికి రైలు టికెట్టు, ఒక మ్యూజియం ప్రవేశ రుసుము వంటివాటిని, ఫోనులో నేటి ధరతో పోల్చండి. పుస్తకంలో రెండు లక్షల డాంగులు (వియత్నాం కరెన్సీ) ఉన్న మంచం ఇప్పుడు రెండు లక్షల అరవై వేలు ఉంటే ముప్పై శాతం పెరిగినట్టు. మిగిలిన ధరలన్నింటికీ ముప్పై శాతం కలిపితే మీ అంచనా వాస్తవానికి దగ్గరగా వస్తుంది. ఇంకొక మాట. పుస్తకం చౌక అన్నది ఐరోపా జీతంతో చూసిన చౌక. చౌక అన్న వర్గంలో కూడా కింది భాగాన్ని చూడండి, లేదా ఆ హోటలు పేరును వదిలి అది ఏ వీధిలో ఉందో గమనించండి. పుస్తకంలో మెచ్చుకున్న హోటలు ఆ మెప్పుతోనే ధర పెంచుకుని ఉంటుంది. అదే వీధిలో పుస్తకానికి ఎక్కని గది అంతకన్నా తక్కువకు దొరుకుతుంది.

దారి గీయడం

పటాల పేజీలో కిలోమీటర్లు చూసి దారి వేయకండి, గంటలు చూడండి. శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ ఎక్కినవారికి ఇది తెలిసినదే. హనోయ్ నుంచి హో చి మిన్ నగరానికి రైలుమార్గం 1,726 కిలోమీటర్లు; ఆగకుండా వెళ్లినా ముప్పై గంటలు దాటుతుంది. హుయె నుంచి దనాంగ్ సుమారు నూరు కిలోమీటర్లే అయినా, హాయ్ వాన్ కనుమ పక్కన సముద్రాన్ని ఆనుకుని పోయే రైలుకు రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. పగటిపూట రైలెక్కి సముద్రం వైపు కిటికీ పట్టుకోవలసిన ప్రయాణం అది; రాత్రి బస్సులో నిద్రపోయి దాటవలసినది కాదు. రెండు వారాల సెలవులో నాలుగు మజిలీలకు మించి పెట్టుకోకండి. పుస్తకంలో రెండు వాక్యాలే ఉన్న ఊరికి కూడా ఒక రోజు కేటాయించండి; అరసవల్లికి వారు చేసిన న్యాయాన్ని గుర్తుంచుకుంటే ఆ రోజు వృథా అని మీకు అనిపించదు.

మనవారికి ఈ రకం రాతలో మంచి నమూనా ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లి, మరుసటి ఏడు తిరుగు ప్రయాణంలో మన తీరం మీదుగా, శ్రీకాకుళం, విజయనగరం దాటి వెళ్లారు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో ఏ మజిలీలో నీళ్లెలా ఉన్నాయి, బస ఎక్కడ, దుకాణాల్లో ఏమి దొరుకుతుంది అన్నవి వరుసగా ఉంటాయి. మీరు రాసుకునే దారి కాగితంలో కూడా ప్రతి మజిలీకీ బస, నీరు, తిండి, తర్వాతి వాహనం అన్న నాలుగు గడులు ఉంటే చాలు.

తిండి గడి గురించి శాకాహారులకు ఒక ముక్క. వియత్నాం వంటలో కూరగాయల పదార్థంలో కూడా చేపల రసం పడుతుంది. కొమ్ చాయ్ అని బోర్డున్న చోట్లు బౌద్ధుల శాకాహార భోజనశాలలు. చాంద్రమాసపు ఒకటో తేదీన, పదిహేనో తేదీన అవి మరింత కళకళలాడుతాయి. ఆ బోర్డు మీది అక్షరాలను పుస్తకం చూసి పెద్దగా ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మీ ఉచ్చారణను అక్కడివారు అందుకోలేకపోయినా కాగితం చదువుతారు.

పుస్తకాన్ని కోయడం

పుస్తకాలను కళ్లకద్దుకునే అలవాటున్నవారికి ఇది కష్టంగా ఉంటుంది గాని, అరకిలో పుస్తకాన్ని రెండు వారాలు మోయడం అంతకన్నా కష్టం. మీరు వెళ్లే ఊళ్ల అధ్యాయాలు మొదలయ్యే చోట పుస్తకాన్ని వెల్లకిలా తెరిచి, వీపు దగ్గర అరచేత్తో గట్టిగా నొక్కండి. జిగురు కనిపించాక కొత్త బ్లేడుతో పైనుంచి కిందికి ఒకే గీత గీస్తే ఆ భాగం విడిగా వస్తుంది. బ్లేడు ఆగి ఆగి దిగితే పేజీల అంచులు చిరుగుతాయి. చరిత్ర, ఆచరణ వివరాలు, మీ ఊళ్లు, పటాలు మాత్రమే ఉంచుకుంటే నూరు నూటయాభై పేజీలకు దిగుతుంది. దాన్ని శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గరో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో ఏ జిరాక్సు షాపుకిచ్చినా, ముందూ వెనుకా ప్లాస్టిక్ అట్ట పెట్టి స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు. అందులోనే చివర పదిహేను తెల్లకాగితాలు, వీసా ప్రతి, తిరుగు టికెట్టు ప్రతి, మొదటి రెండు రాత్రుల బస చిరునామా ఆ దేశపు లిపిలో కలిపి కుట్టించుకోండి. దిగిన చోట అధికారి తిరుగు టికెట్టు, బస వివరం అడిగితే ఫోను వెతుక్కోకుండా ఆ పేజీ తిప్పి చూపవచ్చు.

అక్కడ వాడే తీరు

రోడ్డు మధ్యలో పుస్తకం తెరిచి నిలబడితే ఆటోలవారికి, బ్రోకర్లకు మీరు కొత్తవారని ఇట్టే తెలిసిపోతుంది. మర్నాటి పేజీలు రాత్రి గదిలోనే చదివి, పటం ఫోనులో ముందే దించుకుని బయలుదేరండి. మోసాల గురించి, జాగ్రత్తల గురించి ఉన్న భాగాన్ని మాత్రం విమానం దిగకముందే తప్పక చదవాలి. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎంత ఇవ్వాలి, ఏ టాక్సీ ఎక్కాలి అన్నది మొదటి గంటలోనే అవసరపడుతుంది.

పుస్తకంలో ఉన్నదానికీ మీరు చూసినదానికీ తేడా కనిపిస్తే అప్పటికప్పుడు మార్జిన్‌లో రాయండి: మూతపడిన హోటలు, మారిన బస్టాండు, కొత్త టికెట్టు ధర. పక్కన నెల, సంవత్సరం వేయడం మరవద్దు. తేదీ లేని ధర ఎవరికీ పనికిరాదు. ఇంటికి వచ్చాక ఆ సవరణలను ప్రచురణకర్తకు మెయిల్ చేయవచ్చు, వికీవోయేజ్‌లో అయితే మీరే నేరుగా దిద్దవచ్చు. భారతీయులకు వీసా ఎలా వచ్చింది, విశాఖ నుంచో కోల్‌కతా నుంచో ఏ దారిన వెళ్లారు, శాకాహారం ఎక్కడ దొరికింది అన్నవి తెలుగులో రెండు పేజీలు రాసి, కోసిన మిగతా భాగంతో కలిపి బైండు చేయించి మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. తర్వాత బయలుదేరేవారు పెన్సిలుతో కొట్టివేయవలసిన పేజీలు అందులో తక్కువగా ఉంటాయి.